అరనిమిషం

గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ, తల్లి వైపు వీపు పెట్టి అడిగింది పిచ్చిక.

“అమ్మా, ఒక్కటే అడుగుతాను. ఆ పాట నిజంగా నువ్వే పాడావా?”

టిఫిన్ డబ్బా మూత నొక్కుతున్న టైలరమ్మ చెయ్యి అక్కడే ఆగింది. నేనే, అంది. ముప్పై రెండేళ్ల కిందటి నిజం నోట్లోంచి బయటికొచ్చేసరికి, ఎందుకో ఆమె చెవికే అరువు తెచ్చుకున్న మాటలా వినిపించింది. కూతురు రెండో బూటు కూడా కట్టుకుంది. ముడి మీద ముడి వేసింది. “సరే” అంది. ఆ సరేలో నమ్మకమూ లేదు, తగాదా కూడా లేదు. ఇంక అడిగే ఓపిక లేని మనిషి అనే సరే అది. డబ్బా తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

పిచ్చిక అసలు పేరు వేరే. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మేనమామ పెట్టిన ముద్దుపేరు అది. ఇరవయ్యారేళ్లొచ్చి, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, బుగ్గలు వాచిన రోగుల్ని ఒంటిచేత్తో వరుసలో నిలబెట్టేంతదైనా ఇంట్లో మాత్రం పిచ్చికే. ఆ పిల్లకి అబద్ధమంటే ఒళ్లు మంట. దానికి కారణం వాళ్ల నాన్న.

ఆయన చెడ్డవాడు కాదు. కొట్టింది లేదు, తిట్టింది లేదు. కోతలు కోసేవాడు, అంతే. ఓడలో వంటవాడిగా ఏడు సముద్రాలు తిరిగానని చెప్పేవాడు. చెరువులో ఈదడం కూడా రాదని ఇంట్లో అందరికీ తెలుసు. కూతురి ఎనిమిదో పుట్టినరోజుకి గుర్రం తెస్తానని మాటిచ్చాడు. పిల్ల బడిలో అందరికీ చాటింపు వేసి, సాయంత్రం దాకా గేటు పట్టుకుని నిలబడింది, వెంట మరో పదిమందిని నిలబెట్టుకుని. ఆయన నడిచి వచ్చాడు. దారిలో గుర్రం కాలు మడతపడిందనీ, పశువుల డాక్టరు దగ్గర వదిలి వచ్చాననీ చెప్పాడు. నమ్మరేమోనని డాక్టరు రాసిచ్చిన చీటీ అంటూ ఒక కాగితం కూడా చూపించాడు. ప్రతి కోతకీ ఆయన దగ్గర ఇలాంటి కారణం ఒకటి ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉండేది. పిల్ల పదో ఏట, ఏదో పెద్ద పని దొరికిందని చెప్పి వెళ్లి, మళ్లీ రాలేదు.

ఆ వారంలోనే పిల్ల తల్లిని అడిగింది, నువ్వయినా నాకు అబద్ధం చెప్పవు కదా అని. చెప్పనంది టైలరమ్మ. చెప్పలేదు కూడా. మందు చేదుగా ఉంటుందనే చెప్పి పోసేది. సూది నొప్పిపెడుతుందనే చెప్పి చెయ్యి పట్టుకునేది. ఆ ఇంటికి గోడలూ కప్పూ ఏవైనా ఉన్నాయంటే అవి ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి. ఇప్పుడు ఆ మాటకే బీట పడింది.

అంతా మూడు వారాల్లో జరిగింది.

టైలరమ్మ పనిచేసేది ఒక పెద్ద బట్టల షాపు రెండో అంతస్తులో, ట్రయల్ రూముల వెనకున్న చిన్న గదిలో. ప్యాంటు పొడుగైతే కత్తిరించి మడిచి కుట్టడం, చొక్కా బిగుతైతే పక్క కుట్లు విప్పి వదులు చేయడం ఆమె పని. ఏదైనా తిరకాసు కుట్టు మొదలుపెట్టేముందు నాలుక అంగిలికి తగిలించి ‘చ్’ అనడం ఆమెకి అలవాటు. ఆ సంగతి ఆమెకి తెలియదు. షాపులో ఆడపిల్లలకి తెలుసు. పిన్ని చ్ అంటే ఇంక అరగంట పలకదని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవారు.

ఒక మధ్యాహ్నం ట్రయల్ రూములోంచి, ఎవరిదో ఫోనులోంచి వినిపించింది.

ఆగవే బస్సు బండీ, అరనిమిషం ఆగవే
చెప్పు తెగిపోయిందే, చేత పట్టి వస్తానే

మిషను తొక్కుతున్న కాలు దానంతట అదే ఆగింది. ఎవరో పాత క్యాసెట్టు దాచుకున్నారు కాబోలనుకుంది. మర్నాటికి కింద బిల్లు కౌంటరు దగ్గర, ఎదురుగా టీ బడ్డీలో, బస్సులో ముందు సీటులో, వెనక సీటులో, అన్నిచోట్లా అదే. ఇప్పుడు ఫోన్లలో ఇదే నడుస్తోంది పిన్నీ అని సేల్స్ పిల్ల చూపించింది. బస్సు వెనక పరిగెత్తేవాళ్లు, గిన్నె పట్టుకుని మనవడి వెనక పరిగెత్తే అమ్మమ్మలు, తన తోక వెనక తనే పరిగెత్తే కుక్క. అందరికీ ఇదే పాట. ‘అరనిమిషం’ అనే మాటకి ముందు పాటలో ‘టిక్’మని ఒక చిన్న చప్పుడు ఉంటుంది. అది రాగానే అందరూ ఒకేలా చిటిక వేస్తున్నారు.

ఆ సాయంత్రం బఠాణీలు ఒలుస్తూ టైలరమ్మ కూతురితో అంది, ఆ పాట నేను పాడిందే అని. గొప్పకి అనలేదు. మాటల్లో వచ్చింది, అంతే. పిచ్చిక ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పలేదని నిలదీసింది. చెప్పడానికి ఏముంది, ఆ ఏడాదే నా గొంతు పోయింది, పోయినదాని గురించి చెప్పుకుంటే అది కూడా కోతే అవుతుంది అంది తల్లి.

మర్నాడు పిచ్చిక, మిషను తొక్కుతున్న తల్లిని వీడియో తీసి, ఈ పాట పాడింది మా అమ్మ అని పెట్టింది. రెండు రోజులు జనం పూలవాన కురిపించారు. మూడో రోజు నుంచి ఒకటే పాట, అయితే పాడి వినిపించమనండి. ఆదివారం కిటికీలు మూసి, కూతురు తన చెవిలో ఇయర్‌ఫోను పెట్టి పాట వినిపిస్తే దాంతో కలిసి పాడింది టైలరమ్మ. పల్లవి ఎలాగో ఈడ్చింది. చరణంలో ‘ఆగవే’ అని పైకి వెళ్లాల్సిన చోట గొంతు పాతగుడ్డలా పర్రుమని చిరిగింది. వద్దే, పెట్టకు అంది. వయసైంది కదమ్మా, జనానికి ఆమాత్రం తెలియదా అంది పిచ్చిక.

జనానికి తెలిసింది వేరే. వానాకాలం రాకుండానే కప్పలొచ్చాయని ఒకడు. ఆంటీ, బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది, ఇంటికెళ్లి పడుకోండని ఇంకొకడు. పాపం ఆ తల్లిది తప్పు కాదు, కూతురికే పేరు పిచ్చి అని వేరొకావిడ. అంతలో క్యాసెట్టు కవరు మీద బొమ్మగా ఉన్న మనిషి ఒక చానెల్లో ప్రత్యక్షమైంది. ఆ కంపెనీకి పాడినవాళ్ల పేర్లు వేసే పద్ధతి లేదు. అందమైన ముఖం ఒకటి వేసేవారు. ఆవిడ నేనే పాడానని అననూ లేదు, కాదని అననూ లేదు. ఆ రోజులే వేరండీ అని చెంపకి చెయ్యి ఆనించి నవ్వింది. కవరు మీద ముఖం ఉంది కదా, జనానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

టైలరమ్మ దగ్గర చూపించడానికి క్యాసెట్టు కూడా లేదు. ఉన్న ఒక్కటీ పిచ్చిక నాన్న, ఓడ కబుర్లు తన గొంతుతో రికార్డు చేసుకుని చెరిపేశాడు.

క్లినిక్‌లో పిచ్చిక లోపలికి అడుగుపెడితే చాలు, పళ్లు శుభ్రం చేసే అమ్మాయి పాట పెట్టేది. ‘గాయని గారి అమ్మాయి వచ్చారు, లేవండి’ అనేది. నోరంతా తెరిచి కుర్చీలో పడుకున్న రోగులు కూడా నవ్వేవారట. చివరికి డాక్టరు లోపలికి పిలిచి, ఇలాంటివి మానుకో తల్లీ, జనం క్లినిక్ పేరు కూడా లాగుతున్నారని మెత్తగా చెప్పాడు. గట్టిగా తిట్టినా బాగుండేది. పిచ్చిక వీడియోలు తీసేసింది. ఆ మర్నాడే గుమ్మంలో కూర్చుని ఆ ప్రశ్న అడిగింది.

ఆ రోజు నుంచి టైలరమ్మకి తిండి సయించలేదు. లోకం ఏమనుకున్నా ఆమెకి లెక్క లేదు. లోకం ఆమెని ఎప్పుడు పట్టించుకుంది గనక. కానీ పిచ్చిక తనని వాళ్ల నాన్న పక్కన నిలబెడుతోంది. పైకి ఏమీ అనడం లేదు. అన్నం తింటూ పళ్లెంలోకి చూస్తోంది. ఏదైనా చెప్పబోతే, తలూపి ఫోను తీస్తోంది. చిన్నప్పుడు నాన్న కబుర్లు మొదలుపెట్టగానే సరిగ్గా ఇలాగే తలూపి పుస్తకం తీసేది.

ఒక్కసారి ఆ ‘ఆగవే’ని అందుకుంటే చాలు. ఒక్కసారి పిచ్చిక ముందు పాడితే చాలు. అదే పిచ్చి పట్టింది ఆమెకి. ఫ్లాస్కులో వేడినీళ్లు, బుగ్గలో లవంగం. షాపులో మిషను జోరుగా తొక్కుతూ, ఆ చప్పుడు చాటున గొంతెత్తేది. పైకి వెళ్లేకొద్దీ మెడనరాలు తాళ్లలా లేచేవి. నాలుగు రోజుల్లో మామూలు మాట కూడా బొంగురుపోయింది. పక్క కుట్లు విప్పాల్సిన చొక్కాని విప్పకుండా కత్తిరించేసింది ఒకసారి. పదేళ్లలో అలాంటి తప్పు చేయలేదు. లోపల గుడ్డ మిగిలి ఉంటే ఎంతైనా వదులు చేయొచ్చు, కత్తెర పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు అని కొత్త పిల్లలకి చెప్పేది ఆమే.

ఈ గొంతు చిరగడం ఆమెకి కొత్త కాదు. ఇరవై రెండేళ్ల వయసులో మొదటిసారి చిరిగింది. అన్నయ్యకి చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. ఆయన కీబోర్డు వాయిస్తే ఈమె పాడేది. క్యాసెట్టు కంపెనీ వాళ్లు పిలిస్తే ఒక్క పూటలో ఈ పాట పాడి వచ్చింది. క్యాసెట్టు విడుదలై, మొదటిసారి విన్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా ఉంది, సన్నగా, తేనె పూసినట్టు. మిషన్లో పడితే ఇలాగే ఉంటుంది కాబోలనుకుని మురిసిపోయింది. ఆ తర్వాత ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఇదే పాట పాడమన్నారు. అన్నయ్య సరిగ్గా క్యాసెట్టులో ఉన్న శ్రుతికే వాయించాడు. చరణంలో ‘ఆగవే’ దగ్గర వెయ్యిమంది ముందు గొంతు చిరిగింది. ఈలలు, పిల్లికూతలు. వ్యానులో వస్తూ అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, “నీ గొంతు ఆ ఒక్క పాటకే రాసిపెట్టుందే చెల్లీ. అయిపోయింది.” తర్వాతి ప్రోగ్రాము నుంచి వదిన పాడింది. ఈమె మళ్లీ నోరు విప్పలేదు. స్నానాల గదిలో కూడా.

అయిదో రోజు మధ్యాహ్నం సేల్స్ పిల్ల వచ్చి, బట్టల మూటల మీద కూలబడి ముక్కు చీదుకుంది. పెళ్లి చేసుకుంటానన్నవాడు ఫోను ఎత్తడం లేదట. ఎత్తనివాడి కోసం ఏడవడానికి ఆ పిల్ల ఫోనులో ఒక పాట పెట్టుకుంది. టైలరమ్మ తల వంచుకుని ప్యాంటు అంచు మడుస్తోంది. ఎవరో ఆడమనిషి, తీరుబడిగా, నిండుగా పాడుతోంది. మాటలు ఇవే. ఆగవే బస్సు బండీ.

సూది ఆమె వేలిలో దిగింది. అయినా ఆమె కదల్లేదు.

అది తన గొంతు. క్యాసెట్టులో ఉన్న తేనె గొంతు కాదు, అంతకుముందు తనకి ఉన్న గొంతు. పాడుతున్నప్పుడు ఛాతీలో, ముక్కు దూలంలో తనకి తెలిసే గొంతు. ముప్పై రెండేళ్లుగా ఎక్కడా వినబడనిది.

ఇదెక్కడిదే అని అడిగింది. ఆమె ముఖం చూసి పిల్ల ఏడుపు ఆపేసింది. అదే పాట పిన్నీ, నెమ్మది చేసి పెడతారు, బాధగా ఉన్నప్పుడు వినడానికి అంది.

అరపూట సెలవు చెప్పి బయటపడింది టైలరమ్మ. ఒకప్పుడు ఆ రికార్డింగు గది సైకిల్ షాపు మీద ఉండేది. ఇప్పుడు కింద సైకిళ్లూ లేవు, పైన గదీ లేదు, జిరాక్సు సెంటరు ఉంది. పాత రికార్డింగాయన ఉన్నాడా పోయాడా అని అడిగితే, ఉన్నాడమ్మా, వెనక సందులో మిక్సీలు బాగుచేస్తాడని చూపించారు.

డెబ్బయి అయిదేళ్లుంటాయి ఆయనకి. విప్పదీసిన మిక్సీల మధ్య, కళ్లజోడు మీద ఇంకో భూతద్దం కట్టుకుని కూర్చున్నాడు. ఈమెని చూసి, జారు లీకవుతోందా అన్నాడు. తను ఫలానా వాళ్ల చెల్లెల్నని చెప్పింది. భూతద్దం పైకెత్తి చాలాసేపు చూశాడు. “బస్సు పిల్ల” అన్నాడు.

“అన్నగారూ, ఒక్క సంగతి చెప్పండి. క్యాసెట్టులో నా గొంతు అలా ఎందుకుంది?”

“ఎలా ఉంది?”

“నాది కానట్టు.”

“నీది కాదుగా మరి,” అన్నాడాయన నవ్వుతూ. “సగం నీది, సగం నా స్క్రూడ్రైవరుది.”

ఆయన చెప్పింది ఇంతే. క్యాసెట్టుకి ఒక పక్క ముప్పై నిమిషాలు. ఆరు పాటలు పట్టాలి. ఈమెది ఆరోది, చివరిది. అన్నీ వరసగా ఎక్కిస్తే చివర అరనిమిషం చాలడం లేదు. పాట చివర పిల్లకి బస్సు దొరికే చోటే టేపు అయిపోతోంది. సాయంత్రానికల్లా సరుకు బయల్దేరాలని కంపెనీ ఆయన నెత్తి మీద కూర్చున్నాడు. మళ్లీ పాడించే టైము లేదు. అప్పుడు రికార్డింగాయన మిషను వెనక స్పీడు స్క్రూ ఒక పిసరు తిప్పాడు. పాట పరిగెత్తింది, టేపులో ఇమిడిపోయింది. శ్రుతి రెండు మెట్లు పైకెక్కింది. పదహారేళ్ల పిల్ల పాడినట్టుందయ్యా అని కంపెనీ ఆయన భుజం తట్టాడు. చివరి పాటలకి అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లమమ్మా, ప్యాంటు పొడుగైతే నువ్వు మడిచి కుట్టవూ అన్నాడు రికార్డింగాయన.

టైలరమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. దాని మీద ఉన్న మిక్సీ మూత కిందపడి దొర్లుకుంటూ వెళ్లింది.

“నాకెవరూ చెప్పలేదు,” అంది.

“మీ అన్నయ్యకి చెప్పానే. స్టేజీ మీద వాయించేటప్పుడు రెండు మెట్లు దించుకో, లేకపోతే పిల్ల గొంతు చిరుగుతుందని.”

“ఎప్పుడు చెప్పారు?”

ఆయన ఆలోచించాడు. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. “చెప్పాననే గుర్తు. చెబుదామనుకున్నానో మరి. పొద్దున ఏం తిన్నానో కూడా ఈమధ్య గుర్తుండటం లేదు చెల్లెమ్మా. వాడినే అడగరాదూ?”

అన్నయ్య పోయి ఆరేళ్లయింది. పోయేముందు ఆస్పత్రిలో ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని పిసికింది తనే. అప్పుడైనా చెప్పొచ్చు. లేదా చెప్పడానికి ఆయనకేమీ తెలియకపోవచ్చు. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఒకరేమో మట్టిలో కలిశారు, ఒకరేమో చేతులు వణుకుతూ ఎదురుగా కూర్చున్నారు. స్టూలు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. నాకు గొంతుందా, నాకు గొంతుందా అని గొణుక్కుంటోంది. ఆయన కంగారుపడి నీళ్లిచ్చాడు.

కాసేపటికి ఆమెకి కూతురు గుర్తొచ్చింది. అన్నగారూ, ఇదంతా మా అమ్మాయికి చెప్పండని ఫోను చేసింది. పిచ్చిక ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. డ్యూటీలో ఉందేమో, కాగితం మీద రాసిస్తాను పట్టుకెళ్లన్నాడాయన. మిక్సీ రిపేరు చీటీ వెనక, కుదురులేని అక్షరాలతో ఆరు పంక్తులు రాసి సంతకం పెట్టాడు. ఆ చీటీని గాజుసామానులా రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కింది టైలరమ్మ.

పిచ్చిక అప్పుడే వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని ఉంది. టైలరమ్మ నిలబడే అంతా చెప్పింది. టేపు, అరనిమిషం, స్క్రూ. తొందరలో ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. గొంతు బొంగురుపోయి సగం మాటలు గాలిగా వచ్చాయి. చీటీ చేతికిచ్చింది. పిచ్చిక ఇటువైపు చదివింది. తిప్పింది. అటువైపు అచ్చులో ‘జారు బ్లేడు – వాషరు – బుష్’ అని ఉంది.

చీటీని మంచం మీద పెట్టి, తల్లి ముఖంలోకి చూసింది.

“గుర్రం కాలు మడతపడిందా అమ్మా?”

అరిచినా, చెంప మీద కొట్టినా టైలరమ్మ తట్టుకునేది. పిల్ల ఆ మాటని ఎంతో మెల్లగా అంది, జాలిగా. వాళ్ల నాన్నని కూడా చివర్లో అలాగే అడిగేది.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కూతురి బూటు కాలు రెండు చేతులతో పట్టుకుంది. “నన్ను నమ్మొద్దు. నువ్వే విను. నీ ఫోనులోనే పెట్టు. నెమ్మది చెయ్యి. ఒక్కసారి విని, తర్వాత నీ ఇష్టం. ఒక్కసారి వినవే తల్లీ.”

“కాలొదులు. లే అమ్మా, ఏంటిది.”

“విను.”

వదిలించుకోవడానికే విన్నది పిచ్చిక. ఎంత నెమ్మది చేయాలని విసుగ్గా అడిగింది. పాట మొత్తం మీద అరనిమిషం పెరిగేదాకా అంది తల్లి. పిచ్చిక మనసులో లెక్క కట్టి, ఫోనులో వేగంతో పాటు శ్రుతి కూడా దిగేలా తగ్గించి, గోడకేసి చూస్తూ పెట్టింది.

పాటలో బాకాలు మెత్తబడ్డాయి. తబలా నడక మారింది. నిండుగా, తొందర లేకుండా ఎవరో పాడుతున్నారు. పిచ్చిక ముఖంలో ఏ మార్పూ లేదు. ఈ గొంతు ఆమెకి తెలియదు. తెలిసే అవకాశమే లేదు. పల్లవి రెండోసారి వచ్చింది. ఆగవే బస్సు బండీ, తర్వాత ఊరంతా చిటిక వేసే చోటు. ఇప్పుడది ‘టిక్’ కాదు.

‘చ్.’

పిచ్చిక తల తిప్పింది. పాట వెనక్కి జరిపింది. ‘చ్.’ మళ్లీ జరిపింది. తడి నాలుక అంగిలిని వదిలిన చప్పుడు. సూదిలో దారం ఎక్కించేముందు, ముల్లు తీసేముందు, తన జడలో చిక్కు విప్పేముందు, పరీక్ష తప్పిన రోజు మార్కుల కాగితం మడిచేముందు, ఇరవయ్యారేళ్లుగా తన నెత్తి మీద, వీపు వెనక, పక్క గదిలో విన్న చప్పుడు.

నాలుగోసారి వెనక్కి జరపబోయి మానేసింది. ఫోను ఒళ్లో పెట్టుకుని, మంచం దిగి, నేల మీద తల్లి పక్కన కూర్చుంది. రేపే ఇది పెడతానమ్మా, ఒక్కొక్కళ్ల నోరు మూయిస్తాను అంది. టైలరమ్మ వినలేదు. ఆమె గోడకి ఆనుకుని ఎటో చూస్తోంది.

“నాకు గొంతుందే,” అంది. “బాగానే ఉండేదే. నీకు జోల పాడమంటే కూడా పాడలేదు నేను. నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే రేడియో పెట్టేదాన్ని.”

“గుర్తుంది. వార్తలు పెట్టేదానివి.”

“పాటలొస్తే భరించలేక.”

పిచ్చిక నవ్వబోయింది. అది నవ్వులోంచి వేరే దేనిలోకో వెళ్లిపోయింది. ముక్కు తుడుచుకుని, ఇప్పుడు పాడు అంది. నీ శ్రుతిలోనే ఉంది కదా, కలిపి పాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

టైలరమ్మ గొంతు సవరించుకుని అందుకోబోయింది. అందలేదు. అది ఇరవై రెండేళ్ల మనిషి గొంతు. ఇది యాభై నాలుగేళ్లది, ముప్పై రెండేళ్లు మూత పెట్టి ఉంచినది, అయిదు రోజులుగా రాపాడించి పుండు చేసుకున్నది. “ఇంకొంచెం దించు,” అంది. పిచ్చిక దించింది. పల్లవి మొదటి ముక్కలో ఇద్దరి గొంతులూ ఒక్క క్షణం పక్కపక్కన నడిచాయి. తర్వాత ఫోనులో గొంతు ముందుకి వెళ్లింది, ఈమె వెనకబడింది. ఇంకొంచెం, అంది. ఈసారి పల్లవి నిలబడింది. చరణం వచ్చింది. ‘ఆగవే’ దగ్గర, సరిగ్గా ఆ పాత చోటే, గొంతు చిరిగింది.

చాలు అమ్మా, నీళ్లు తాగు, రేపు చూద్దాం అంది పిచ్చిక. టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆమె వాటి సంగతి పట్టించుకోవడం లేదు. మోకాళ్ల మీద చీర సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, ‘చ్’ అంది.

“మొదటి నుంచి పెట్టు. ఇంకా దించు.”

“ఇప్పటికే బాకాలు మూలుగుతున్నాయి. ఇంకా దించితే అది పాటలా ఉండదమ్మా.”

“ఉండకపోతే మానె. దించు.”

పిచ్చిక దించింది.